కదిలేదానికల్లా ప్రాణం ఉన్నట్టేనా? కైనెటిక్ కళపై తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవుల్లో పిల్లలతో అట్టముక్కలు, చీపురు పుల్లలు, బోల్టులతో కదిలే బొమ్మలు చేయించడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. బొమ్మ మొదటిసారి కదలగానే పిల్లలు, వాళ్లని తీసుకొచ్చిన పెద్దవాళ్లు దాదాపు ఒకే మాట అంటారు: "అచ్చం బతికున్నట్టే ఉందండీ!" అక్కణ్ణుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

కైనెటిక్ ఆర్ట్ అంటే ఏమిటి?

కదలికే ప్రధానంగా ఉండే కళ. మామూలు శిల్పానికి రాయి, కంచు, చెక్క ముడిసరుకైతే దీనికి కదలిక ముడిసరుకు. ఆ కదలిక గాలి వల్ల రావచ్చు, మోటారు వల్ల రావచ్చు, నీళ్ల వల్ల రావచ్చు, చూసేవాళ్లు చేత్తో తోస్తే రావచ్చు.

దీని పుట్టుక చెప్పేటప్పుడు సాధారణంగా శిల్పి నౌమ్ గాబో పేరు ముందుకొస్తుంది. 1919-20లో మాస్కోలో ఆయన ఒక సన్నటి ఉక్కు కడ్డీని నిటారుగా నిలబెట్టి, కింద చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టాడు. మోటారు ఆగి ఉంటే అది వట్టి కడ్డీ. మోటారు తిరిగితే కడ్డీ వణుకుతూ, గాలిలో ఒక నిండైన ఆకారం కనిపిస్తుంది. అక్కడ ఆ ఆకారమంటూ ఏ వస్తువూ లేదు, ఉన్నది వణుకు ఒక్కటే. నాకు ఈ శిల్పమంటే చాలా ఇష్టం. ప్రాణం కూడా ఇలాంటిదే కదా అనిపిస్తుంది. ఒంట్లో ఫలానా చోట దాచిపెట్టిన వస్తువు కాదది, జరుగుతూ ఉండే పని.

దీనికీ, ప్రాణానికీ సంబంధం ఏమిటి? ఇది ఉత్త యంత్రాల సరదా కాదా?

మనం మాట్లాడుకునే తెలుగే ఈ సంబంధాన్ని చూపిస్తుంది. ఆవు నడుస్తుంది, గడియారం కూడా నడుస్తుంది. దోమ చచ్చిపోతుంది, ఫోన్ బ్యాటరీ కూడా చచ్చిపోతుంది. వ్యాకరణంలో జంతువులనీ, వస్తువులనీ కలిపి అమహత్తులు అన్నారు. కుక్క వచ్చినా, బస్సు వచ్చినా "అది వచ్చింది" అనే అంటాం. మరోపక్క చరాచరాలు అనే మాటా మనకుంది. చెట్టు చోటు కదలదు, కానీ దానికి ప్రాణం ఉంది. వాగు క్షణం ఆగదు, కానీ దాన్ని జీవి అనం. కాబట్టి కదలిక, ప్రాణం ఒకటే కాదని మనకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ కదిలేదాన్ని చూడగానే మనసు దానివైపు లాగుతుంది. కైనెటిక్ కళాకారులు పనిచేసేది సరిగ్గా ఆ లాగుడు మీదే.

కళ్లూ, ముఖం, చర్మం లేని నైరూప్య ఆకారంలో ప్రాణం ఎలా కనిపిస్తుంది?

ముఖం అక్కర్లేదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న యానిమేషన్ చేసి విద్యార్థులకు చూపించారు. అందులో పెద్ద త్రికోణం, చిన్న త్రికోణం, చిన్న వృత్తం, తలుపున్న ఒక దీర్ఘచతురస్రం తప్ప ఇంకేమీ లేవు. ఏం చూశారో రాయమంటే మొదటి బృందంలోని 34 మందిలో ఒక్కరు మాత్రమే ఫలానా ఆకారం ఇటు జరిగింది, అటు జరిగింది అని రాశారు. మిగతా అందరూ ఆ ఆకారాలను ప్రాణమున్నవాటిలాగే వర్ణించారు. పెద్ద త్రికోణం దౌర్జన్యం చేస్తోందనీ, వృత్తం భయపడి దాక్కుందనీ చాలామంది ఒక కథే అల్లేశారు.

చిత్రకారులు దీన్ని వేరే దారిలో పట్టుకున్నారు. కాండిన్‌స్కీ పారిస్‌లో గడిపిన చివరి ఏళ్లలో గట్టి త్రికోణాలు, గీతలు తగ్గించి, మైక్రోస్కోప్ కింద కనిపించే పురుగుల్లాంటి మెత్తటి ఆకారాలు వేశాడు. 1940 నాటి ఆయన 'స్కై బ్లూ' చూడండి. లేత నీలంలో ఏవో పిల్లజీవులు తేలుతున్నట్టుంటుంది, కానీ ఏ ఒక్కదానికీ పేరు పెట్టలేం. పౌల్ క్లే 1922లో వేసిన 'ట్విటరింగ్ మెషీన్'లో నాలుగు పిట్టలు ఒక తీగ మీద వాలి ఉంటాయి, ఆ తీగ చివర తిప్పే పిడి ఉంటుంది. పిట్టలు పాడుతున్నాయా, ఎవరైనా తిప్పితే అరుస్తున్నాయా అన్నది తేలదు. ఈ పేజీలోని ప్రశ్నంతా ఆ ఒక్క బొమ్మలోనే ఉంది.

కాల్డర్ మొబైల్స్ గురించి అందరూ చెబుతారు. వాటి ప్రత్యేకత ఏమిటి?

అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. 1930లో పారిస్‌లో చిత్రకారుడు పీట్ మాండ్రియాన్ స్టూడియోకి వెళ్లి, గోడ మీద అంటించిన రంగు చతురస్రాలు చూసి, ఇవి కదిలితే ఎంత బాగుంటుందో అనుకున్నాడు. మరుసటి ఏడాది అతని కదిలే శిల్పాలకు 'మొబైల్' అని పేరు పెట్టింది కళాకారుడు మార్సెల్ దుషాంప్. మొదట్లో మోటార్లు వాడాడు. తర్వాత పనుల్లో ఎక్కువగా గాలికే వదిలేశాడు. మోటారు కదలిక తిరిగి తిరిగి అదే వస్తుంది, గాలి కదలిక అలా రాదు. నన్నడిగితే, మనకు ప్రాణం అనిపించేది ఆ తేడా దగ్గరే పుడుతుంది. తర్వాత ఎటు తిరుగుతుందో ముందే తెలిసిపోతే అది యంత్రం. తెలియకపోయినా, ఆ కదలిక మరీ తలాతోకా లేనిది కాకపోతే, మనం ఊపిరి బిగబట్టి చూస్తాం.

ఇంకొక సంగతి. కాల్డర్ 1955లో మన దేశానికి వచ్చి, అహ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబం ఇంట ఉండి కొన్ని శిల్పాలు చేశాడు. అందులో ఒకదానికి పెట్టిన పేరు దేవగన్నేరు పువ్వుది, 'ఫ్రాంజీ పానీ'. రేకు ముక్కలతో, తీగలతో చేసినదానికి పువ్వు పేరు పెట్టడం తమాషాగా చేసిన పని అని నేననుకోను. గాలికి పువ్వు ఎలా ఊగుతుందో చూసిన మనిషి పెట్టిన పేరది.

సముద్రతీరంలో గాలికి నడిచే ఎముకల గూళ్ల వీడియో చూశాను. అవి ఏమిటి?

అవి స్ట్రాండ్‌బీస్ట్‌లు. డచ్ భాషలో బీచ్ జంతువులని అర్థం. నెదర్లాండ్స్‌లోని స్కెవెనింగెన్‌లో 1948లో పుట్టిన తెయో యాన్సెన్ చేస్తున్నాడు. డెల్ఫ్ట్‌లో ఫిజిక్స్ చదివి, మధ్యలో వదిలేసి, బొమ్మలు వేసుకుంటూ పత్రికకు కాలమ్ రాసేవాడు. 1990లో ఒక కాలమ్‌లో ఆయనకొచ్చిన ఊహ ఇది: సముద్ర మట్టం పెరిగితే తమ దేశం మునిగిపోతుంది, కాబట్టి ఒడ్డున తిరుగుతూ ఇసుకను ఎగజిమ్మి దిబ్బలు పెంచే జంతువులుంటే బాగుంటుంది. తర్వాత అదే ఆయన జీవితమైపోయింది.

ముడిసరుకు ఇళ్లల్లో కరెంటు వైరింగ్‌కి వాడే పసుప్పచ్చ పీవీసీ పైపు. మొదటి జంతువును టేపుతో చుట్టి చేశాడు. అది లేచి నిలబడలేక, వెల్లకిలా పడుకుని కాళ్లు మాత్రం ఆడించింది. ఆయన పట్టు వదల్లేదు.

అసలు విషయం కాలిలో ఉంది. చక్రంలాగా ఒక క్రాంక్ (ఇరుసును తిప్పే పిడి) గుండ్రంగా తిరిగితే, ఆ తిరుగుడు ఎన్నో కడ్డీల గుండా పాకి, చివర్లో పాదం దగ్గర నడకగా మారాలి. పాదం నేలమీద ఉన్నంతసేపూ తిన్నగా వెనక్కి జరగాలి, తర్వాత చటుక్కున లేచి ముందుకు రావాలి, నడుము మాత్రం పైకీ కిందికీ ఎగరకూడదు. ఏ కడ్డీ ఎంత పొడవుంటే ఇది కుదురుతుందో చేత్తో లెక్కగట్టడం అయ్యే పని కాదు. అందుకని ఆయన తన అటారీ కంప్యూటర్‌లో అడ్డదిడ్డమైన కొలతలతో 1500 కాళ్లు పుట్టించి, మంచి నడకకు దగ్గరగా ఉన్న 100 కాళ్లను ఏరి, వాటి కొలతలు కలగలిపి మళ్లీ పిల్లల్ని పుట్టించాడు. ఇది నెలల తరబడి నడిచింది. పరిణామ సిద్ధాంతాన్ని పైపుల మీద ప్రయోగించాడన్నమాట. చివరికి తేలిన కొలతలను ఆయన 'పవిత్ర సంఖ్యలు' అంటాడు.

తర్వాతి తరాల్లో ఒక్కో అవయవమూ వచ్చింది. వీపున రెక్కలు గాలికి ఊగి, ఖాళీ డ్రింకు సీసాల్లోకి గాలిని పంపు చేస్తాయి. గాలి పడిపోయినప్పుడు ఆ సీసాల్లో దాచుకున్న ఒత్తిడితో నాలుగడుగులు వేస్తుంది, కాబట్టి అది దాని కడుపు. పైపులో పైపు జారేలా చేసిన పిస్టన్లు కండరాలు. ఒక కండరం సాగినప్పుడు ఇంకోదాని కుళాయి తెరుచుకునేలా గొలుసుకట్టుగా అమర్చినవి నరాలు. నేలకు ఆనుకుని ఒక గొట్టం గాలి పీలుస్తూ ఉంటుంది. గాలికి బదులు నీళ్లు వచ్చాయంటే సముద్రంలోకి దిగుతున్నట్టు లెక్క, వెంటనే వెనక్కి తిరుగుతుంది. పెనుగాలి వస్తే ముక్కుతో ఇసుకలో మేకు దిగ్గొట్టుకుని తనను తాను కట్టేసుకునే రకమూ ఉంది. ఎలక్ట్రానిక్ చిప్ ఒక్కటీ లేదు.

మరి వాటికి ప్రాణం ఉన్నట్టేనా?

నా ఉద్దేశంలో లేదు. జీవి తనను తాను తయారు చేసుకుంటుంది. తిన్న అన్నాన్ని తన ఒళ్లుగా మార్చుకుంటుంది, గాయమైతే మాన్చుకుంటుంది, తనలాంటి ఇంకోదాన్ని కంటుంది. బీస్ట్‌కి పైపు విరిగితే యాన్సెనే వచ్చి అతకాలి. పని అయిపోయిన జంతువులను ఆయన 'శిలాజాలు' అంటాడు. పిల్లల్ని కనడం మాటకొస్తే ఆయన జవాబు గమ్మత్తుగా ఉంటుంది: ప్రపంచమంతా విద్యార్థులు ఈ కొలతలు తీసుకుని తమ గదుల్లో చిన్న బీస్ట్‌లు చేస్తున్నారు కదా, ఇవి మనుషుల బుర్రల్లో దూరి సంతానం పెంచుకుంటున్నాయి అంటాడు. వాదనగా నేను ఒప్పుకోను. కానీ మా పిల్లలు అరచెయ్యంత కాలు చేసి మురిసిపోతుంటే, నేనే ఆ పురుగు కుట్టినవాణ్ణని అనిపిస్తుంది.

అలాంటి కాలు ఇంట్లో చేయొచ్చా? కొలతలు ఇస్తారా?

చేయొచ్చు. క్రాంక్ 15 అనుకుంటే, క్రాంక్ నుంచి వచ్చే రెండు కడ్డీలు 50, 61.9. పై త్రికోణం భుజాలు 41.5, 40.1, 55.8. పాదమున్న కింది త్రికోణం 36.7, 65.7, 49. రెంటినీ కలిపేవి 39.3, 39.4. కదలని ఇరుసు క్రాంక్ మధ్య నుంచి పక్కకు 38, కిందికి 7.8. వీటిని మిల్లీమీటర్లుగా తీసుకుని రెండింతలు చేస్తే చేతికి అనువుగా ఉంటుంది. ఏ కడ్డీ దేనికి తగులుతుందో తెలియడానికి ఎదురుగా బొమ్మ పెట్టుకుని చేయండి.

కొలతల కంటే కన్నాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. నేను మొదటిసారి అట్టతో చేసినప్పుడు కన్నాలు పెన్సిల్ మొనతో పొడిచాను. ఒక్కో కన్నం మిల్లీమీటరు పెద్దదైంది. పది కీళ్ల దగ్గర ఒక్కో మిల్లీమీటరు వదులైతే కాలు సగం దాకా లేచి అక్కడే బిగుసుకుపోయింది. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. అట్ట బదులు ఐస్‌క్రీమ్ పుల్లలు, పెన్సిల్ బదులు చిన్న డ్రిల్, బోల్టుకి రెండు వైపులా వాషర్లు వాడాక సాఫీగా వచ్చింది. ఒక్క కాలు నిలబడదు. ఒకే క్రాంక్ ఇరుసు మీద 120 డిగ్రీల తేడాతో మూడు జతలు పెడితే ఎప్పుడూ ఏదో ఒక పాదం నేలమీద ఉంటుంది.

మనుషులకు స్పందించే శిల్పాలు ఉన్నాయా?

ఉన్నాయి, మనం అనుకునేదానికంటే పాతవి. నాకు బాగా నచ్చేది ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ చేసిన 'సెన్‌స్టర్'. ఫిలిప్స్ కంపెనీ కోసం చేస్తే 1970లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఎవోల్యూవాన్ అనే సైన్స్ ప్రదర్శనశాలలో పెట్టారు. ఇనప గొట్టాల ఒళ్లు, పొడవు నాలుగు మీటర్ల పైనే. కీళ్ల అమరికను లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్య డెక్క నుంచి తీసుకున్నాడు. తల దగ్గర మైకులు, కదలికను పసిగట్టే రాడార్లు, వెనక ఒక కంప్యూటర్. మెల్లగా మాట్లాడితే తల వంచి దగ్గరికి వచ్చేది. గట్టిగా అరిచినా, చేతులు విసిరినా వెనక్కి తగ్గేది. ఉన్న నియమాలు ఇంతే. కానీ జనం దాన్ని పిలిచారు, బుజ్జగించారు, దానికి సిగ్గు ఎక్కువని చెప్పుకున్నారు. సిగ్గు గురించి ప్రోగ్రాములో ఒక్క ముక్కా లేదు.

1974లో దాన్ని విప్పేశారు. ఇనప చట్రం ఎన్నో ఏళ్లు ఆరుబయట ఉండిపోయింది. తర్వాత పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఏజీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్లు బాగుచేసి 2018లో మళ్లీ కదిలించారు.

ఎర్రటి ద్రవాన్ని ఊడుస్తూ ఊడుస్తూ చచ్చిపోయిన రోబో చెయ్యి రీల్ చూసి ఏడుపొచ్చింది. అది నిజమేనా?

మీకు వచ్చిన ఏడుపు నిజం, కథలో సగం నిజం కాదు. అది సున్ యువాన్, పెంగ్ యూ అనే చైనా కళాకారుల జంట 2016లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం కోసం చేసిన 'కాంట్ హెల్ప్ మైసెల్ఫ్'. కార్ల ఫ్యాక్టరీల్లో వాడే కూకా కంపెనీ రోబో చెయ్యిని అద్దాల గదిలో పెట్టారు. చుట్టూ చిక్కటి ఎర్రటి ద్రవం. అది ఒక హద్దు దాటి పారితే సెన్సర్లు పట్టుకుంటాయి, చెయ్యి దాన్ని మళ్లీ మధ్యలోకి ఊడుస్తుంది. ఊడ్చేకొద్దీ గోడలు, నేల నెత్తుటి మరకల్లా అవుతాయి. మధ్యమధ్యలో వంగి నమస్కరించినట్టు, దురద గోక్కున్నట్టు కదలికలు నేర్పించారు.

ఆ ద్రవం దాని ఒంట్లోంచి కారే నూనె అనీ, అది అయిపోతే చచ్చిపోతుందనీ రీల్స్‌లో చెబుతారు. అది రంగు కలిపిన చిక్కటి నీళ్లు. చెయ్యి నడిచేది కరెంటుతో. 2019లో వెనిస్ బినాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పెట్టారు, ఆ ప్రదర్శన ముగిసింది. చావంటూ ఏమీ జరగలేదు. అయినా కోట్లమంది దానిలో ఏం చూశారో ఆలోచించండి. ఎంత ఊడ్చినా తరగని పని. ఇల్లు తుడిచీ తుడిచీ అలిసిపోయిన మా అమ్మ నాకు అందులో కనిపించింది.

కావాలనే చచ్చిపోయే యంత్రం ఒకటి చేశారట కదా?

అవును, స్విస్ కళాకారుడు జాన్ టింగ్లీ. 1960 మార్చి 17న న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా తోటలో 'హోమేజ్ టు న్యూయార్క్' అనే యంత్రాన్ని నడిపించాడు. పాత సైకిలు చక్రాలు, పియానో, స్నానపు తొట్టి, మోటార్లు. తనను తాను విరగ్గొట్టుకోవడమే దాని పని. 27 నిమిషాలు నడిచి, మంటలు ఎక్కువై, అగ్నిమాపక సిబ్బంది కల్పించుకోవాల్సి వచ్చింది. చెత్తకుప్ప నుంచి వచ్చి మళ్లీ చెత్తకుప్పకే వెళ్లింది.

నిజమైన కణాలతో చేసిన కళ సంగతి ఏమిటి? అదీ కృత్రిమమేనా?

ఇక్కడే గీత చెరిగిపోతుంది. ఓరాన్ క్యాట్స్, అయోనాట్ జుర్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో పనిచేస్తూ 2004లో 'విక్టిమ్‌లెస్ లెదర్' చేశారు. గాజు పాత్రలో, కరిగిపోయే పాలిమర్ అచ్చు మీద జీవకణాలను పెంచి, బొమ్మకు తొడిగేంత చిన్న కోటు తయారు చేశారు. ఏ జంతువునూ చంపకుండా తోలు వస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. 2008లో మోమాలో పెట్టినప్పుడు కణాలు మరీ వేగంగా పెరిగి గొట్టాలు మూసుకుపోయాయి. క్యురేటర్ పావోలా ఆంటొనెల్లి దానికి ఆహారం అందకుండా ఆపేయాల్సి వచ్చింది. పెయింటింగ్‌ని గోడ మీంచి దించడం వేరు, ఇది వేరు. ఒక మ్యూజియంలో ఒక కళాఖండాన్ని చంపాలా వద్దా అని ఆలోచించాల్సి వచ్చింది.

2020లో అమెరికాలో శాస్త్రవేత్తలు కప్ప పిండం కణాలతో చేసిన జెనోబాట్‌లు కూడా ఈ కోవకే వస్తాయి. ఆకారాన్ని కంప్యూటర్ పరిణామ పద్ధతిలో వెతికింది, ఒళ్లు మాత్రం కప్పది. యాన్సెన్ అటారీలో చేసిన పనే, పైపుకు బదులు కణం. వాటిని యంత్రాలు అనాలా, జీవులు అనాలా అంటే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు.

మన తెలుగు కళల్లో ఇలాంటిదేమైనా ఉందా?

తోలుబొమ్మలాట. దాన్ని కైనెటిక్ ఆర్ట్ అని పిలవను, దాని దారి దానిది. కానీ ప్రశ్న ఒకటే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలును గీకి, వెలుతురు దూరేంత పల్చగా చేసి, రంగులు వేసి, భుజం, మోచెయ్యి దగ్గర విడివిడిగా కట్టి బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మను చేతిలోకి తీసుకుంటే కీలు దగ్గర వదులుగా వేలాడుతుంది. తెరకు ఆనిస్తే అంచు కత్తిలా తేరుతుంది, కాస్త వెనక్కి తీస్తే నీడ మసకబారి పెద్దదవుతుంది. ఆ రెంటి మధ్య ఊపులోనే హనుమంతుడు ఎగురుతాడు. వెనకటి రోజుల్లో దీపం వెలుగు వణికితే నీడ కూడా ఊపిరి తీసుకున్నట్టు వణికేది. బల్బు వచ్చాక ఆ వణుకు పోయింది. చనిపోయిన మేక తోలు, బతికున్న మనిషి చెయ్యి, మధ్యలో దీపం. ఇందులో కృత్రిమం ఏది, సహజం ఏది అని విడదీయడం నాకైతే చేతకాదు.

ఇవి స్వయంగా ఎక్కడ చూడొచ్చు?

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఈస్ట్ బిల్డింగ్‌కి వెళ్లండి, టికెట్ లేదు. పైకప్పు నుంచి కాల్డర్ చివరి పెద్ద మొబైల్ వేలాడుతుంటుంది. బరువు 417 కిలోలు, మోటారు లేదు, హాల్లో తిరిగే గాలికే కదులుతుంది. 1977లో వేలాడదీశారు, అంతకు ఏడాది ముందే కాల్డర్ కన్నుమూశాడు. మెట్ల దగ్గర నిలబడి కనీసం పది నిమిషాలు చూడండి, రెండు నిమిషాల్లో అది కదలడమే లేదనిపిస్తుంది. టింగ్లీ కోసం స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆయన పేరుతోనే ఉన్న మ్యూజియం. బీస్ట్‌ల కోసం వేసవిలో స్కెవెనింగెన్ బీచ్.

క్లాసు అయిపోయాక బొమ్మలు విప్పేయమంటే మా పాప ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. బోల్టులు, వాషర్లు తర్వాతి బ్యాచ్‌కి కావాలి కాబట్టి చివరి రోజు అన్నీ విప్పించడం మా పద్ధతి. నడవని కాళ్లను పిల్లలు నిమిషంలో ఊడదీసి డబ్బాలో పడేస్తారు. నడిచిన కాలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాదు. ఒక ఏడేళ్ల పాప స్క్రూడ్రైవర్ పట్టుకుని, "ముందు పడుకోబెట్టి తర్వాత విప్పనా?" అని అడిగింది. అప్పట్నుంచి నడిచినవాటిని విప్పమని నేను ఎవరినీ అడగడం లేదు. బోల్టులు కొత్తవి కొంటున్నాను. మీ పాప బొమ్మను ఇంటికి తీసుకెళ్లండి.